వేరుశెనగ చేలో దిగని మనిషి

మా ఊళ్ళో సైన్యం ఇంజనీర్స్ విభాగంలో పనిచేసి వచ్చిన సుబేదార్ గారొకరున్నారు. వయసు డెబ్బై అయిదు దాటింది. మూడెకరాల చేను, ఏటా వేరుశెనగ. విత్తనం కొనడం దగ్గర్నుంచి కాయ అమ్మడం దాకా అన్నీ ఆయనే చూసుకుంటారు. కాయ పీకే రోజుల్లో మాత్రం గట్టు దిగరు. కూలీలు వరసగా వంగి చెట్లు గుంజుతుంటే ఆయన అటు వీపు తిప్పి చింతచెట్టు కింద కూర్చుంటారు. ‘‘మిలిట్రీ ఆయనకి ఇంకా దొరతనం పోలేదబ్బా’’ అని ఆడకూలీలు నవ్వుకునేవాళ్ళు. ఆయన భార్య కూడా అదే అనుకుంది. నలభై ఏళ్ళు అట్లాగే అనుకుంది.

అసలు సంగతి మాకు తెలిసింది మిలిట్రీ క్యాంటీన్ ముందున్న వేపచెట్టు కింద. 1971 డిసెంబరులో ఆయనకు ఇరవై రెండేళ్ళు. పడమటి సరిహద్దులో షకర్‌గఢ్ వైపు, బసంతర్ అనే ఏటి దగ్గర పాకిస్తాన్ సైన్యం మైన్లు పాతిపెట్టింది. మన ట్యాంకులు ఏరు దాటాలంటే ముందు ఇంజనీర్లు దారి తీయాలి. చీకట్లో బోర్లా పడుకుని, ప్రాడర్ అనే ఇనప పుల్లతో నేలను గుచ్చుకుంటూ జానెడు జానెడు ముందుకు జరగాలి. నిలువుగా గుచ్చకూడదు. అట్లా గుచ్చితే పుల్ల మైను నెత్తిన పడుతుంది. ఏటవాలుగా గుచ్చితే పక్కకు తగులుతుంది. తగిలాక చేత్తో మన్ను తీసి, వేళ్ళతో చుట్టూ తడమాలి.

‘‘చెట్టు గుంజేముందు మొదట్లో మన్ను వదులు చేస్తాం చూడు, అచ్చం అట్టాగే. నా పక్క వరసలో వాడిది పేలింది. యుద్ధం అయినాక సెలవు మీద వొచ్చి నాన్నతో చేలో దిగినా. చెట్టు పట్టుకున్నా. చెయ్యి రాలా. అంతే’’ అన్నారు సుబేదార్ గారు.

ఆ ఏటి దగ్గరే డిసెంబరు 16న సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ ఇరవై ఒక్క ఏళ్ళకే ప్రాణమిచ్చాడు. పరమవీర చక్ర వచ్చింది. ఇది పుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా. మైన్లు పూర్తిగా తీయకముందే ట్యాంకులు కదలాల్సి వచ్చిందని కూడా ఉంది. ఆ కాస్త దారినీ తీసిన చేతుల్లో ఒక చెయ్యి మా ఊరిదని, ఆ చెయ్యి మళ్ళీ ఎన్నడూ వేరుశెనగ చెట్టు పీకలేదని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

నేను సిగ్నల్స్ వాణ్ణి. ప్రకాశం జిల్లా, పొదిలి వైపు. 1983లో చేరి జబల్‌పూర్‌లో ట్రైనింగ్ చేశాను. రేడియో ఆపరేటర్‌గా మొదలుపెట్టి, 2007లో హవల్దార్‌గా ఇంటికొచ్చాను. నెలకోసారి సరుకుల కోసం క్యాంటీన్‌కు పోతాను. క్యాంటీన్ అనగానే బయటివాళ్ళకు రమ్ము సీసా గుర్తొస్తుంది. మాకు గుర్తొచ్చేది ఆ వేపచెట్టు. టోకెన్ తీసుకున్నాక మన నంబరు వచ్చేసరికి రెండు మూడు గంటలు పడుతుంది. మాజీ సైనికుల వైద్యానికి పెట్టిన ఈసీహెచ్‌ఎస్ ఆసుపత్రిలో మందుల కోసం కూర్చున్నా అంతే. మాజీ సైనికుల జ్ఞాపకాలు బతికేది ఆ మూడు గంటల్లోనే.

కొత్తగా ఎవరైనా వచ్చి కూర్చుంటే పేరు తర్వాత అడుగుతారు. ముందు, ‘‘ఏ యూనిట్టు? ఏ సంవత్సరం? ఎక్కడ?’’ ఈ మూడు ప్రశ్నలకు జవాబు వస్తే తర్వాత లెక్క దానంతటదే తేలిపోతుంది. ఎవరైనా కాస్త కోతలు కోస్తే పక్కవాడు నెమ్మదిగా, ‘‘అన్నా, ఆ నెల్లో మీ యూనిట్ అక్కడ లేదే, మేమే గదా మీ దగ్గర చార్జి తీసుకుంది’’ అంటాడు. అక్కడితో కోత ఆగిపోతుంది. ఇంట్లో ఇట్లా ఆపేవాళ్ళు ఉండరు, వేదిక మీద అసలే ఉండరు. అందుకే నాకు వేపచెట్టు కింది మాట మీద ఉన్నంత నమ్మకం పంద్రాగస్టు ఉపన్యాసం మీద లేదు. ఆ ఉపన్యాసాలు నేనూ ఇచ్చాను. బడిపిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: ‘‘తాతా, ఎంతమందిని చంపావు?’’ పిల్లల తప్పు కాదు. సినిమాలో చూసిందే అడుగుతారు. ఆ ప్రశ్న విన్న సైనికుడు మాత్రం లోపల తలుపు వేసుకుంటాడు. నాలుగు మాటలు చెప్పి, జై హింద్ అని దిగిపోతాడు.

చెట్టు కింద ఎవరూ ఆ ప్రశ్న వేయరు. మొదలు ఎప్పుడూ సెంటర్ దగ్గరే, అంటే రిక్రూట్‌గా చేరిన ట్రైనింగ్ సెంటర్. హిందీ ముక్క రాక ఉస్తాద్ కుడికి తిరగమని ‘దాయేఁ’ అంటే ఎడమకు తిరిగిన సంగతి, ఆదివారం పూరీ కోసం లంగర్ ముందు లైను, సెలవుకు వచ్చేటప్పుడు నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల రంగుతో నంబరు, పేరు రాయించుకున్న సంబరం. ఇవన్నీ అందరివీ ఒకటే. వందసార్లు విన్నవే మళ్ళీ వింటాం. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడరు. రెండో టీ వస్తుంది. అసలు మాట అప్పుడు మొదలవుతుంది.

మద్రాస్ రెజిమెంట్ నాయక్ ఒకతను ఉన్నాడు, నాకంటే చిన్నవాడు. సియాచిన్‌లో ఒక చలికాలం పోస్టు మీద ఉన్నాడు. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో మన సైన్యం ఆ హిమానీనదం ఎక్కింది, ఇప్పటికీ దిగలేదు. అక్కడ తుపాకీ గుండుకంటే చలికి, మంచు చరియలకు, గాలి చాలని ఎత్తుకు పోయినవాళ్ళే ఎక్కువ. అతను చెప్పేది చలి గురించి కాదు, కిరోసిన్ గురించి. తిండి వండాలన్నా, మంచు కరిగించి నీళ్ళు చేసుకోవాలన్నా, చేతులు కాచుకోవాలన్నా ఆ మూసిన గుడారంలో కిరోసిన్ పొయ్యే. పొగ, మసి ఊపిరితిత్తుల్లోకి పోయి, కిందికి దిగిన తర్వాత కూడా చాన్నాళ్ళు ఉమ్మితే నల్లగా పడేది. ఇంటికొచ్చాక రేషన్ కిరోసిన్ తేవడానికి ఒక్కనాడూ పోలేదు. డబ్బా పట్టుకుని భార్యే లైన్లో నిలబడేది. బద్ధకమని ఊరంతా అనుకున్నారు. ‘‘ఆ వాసనకి నా పక్కన పడుకున్నోడు గుర్తొస్తాడన్నా. పొద్దున లేపితే లేవలా’’ అన్నాడు.

కూలీలు నవ్వుకున్నది, ఊరు బద్ధకం అన్నది, ఇంట్లోవాళ్ళు కోపం అనుకున్నది చాలావరకు ఇట్లాంటివే.

ఇక నా సంగతి. ఇది నేను చాన్నాళ్ళు చెట్టు కింద కూడా చెప్పలేదు.

1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. శ్రీలంక తమిళులకు కొన్ని అధికారాలు, తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించడం, మధ్యలో శాంతి కాపాడటానికి భారత సైన్యం. దాన్నే శాంతి సేన అన్నారు, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఐపీకేఎఫ్. మొదట వెళ్ళింది సికింద్రాబాద్‌లో ఉండే 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్. అప్పుడు నా పోస్టింగ్ దాంట్లోనే. నాకు ఇరవై రెండేళ్ళు. జాఫ్నాకు ఉత్తరాన పలాలీ విమానాశ్రయంలో దిగాం. యుద్ధానికి పోతున్నామని మాకెవరూ చెప్పలేదు, అనుకున్నవాళ్ళు కూడా లేరు.

దిగిన మొదటి రోజు నాకు ఆశ్చర్యం వేసింది. ఎర్రమన్ను, తాటిచెట్లు, తాటాకు దడులు, పొగాకు తోటలు. కళ్ళు మూసి తెరిస్తే కొండపి దగ్గరో కందుకూరు దగ్గరో ఉన్నట్టే. జనం బండ్ల మీద పూలు వేశారు, దండలు వేశారు. పదో తరగతి అయ్యాక రెండేళ్ళు మద్రాసులో మా మేనమామ హోటల్లో బిల్లులు రాసినవాణ్ణి, తమిళం బాగా వచ్చు. దాంతో సెట్టు మోయడంతో పాటు దుబాసీ పని కూడా నాకే పడింది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆ పని ఎంత ఇష్టంగా చేశానో చెప్పలేను. టీ బంకు దగ్గర కూర్చుని పిల్లల పేర్లు అడిగేవాణ్ణి.

అక్టోబరులో అంతా తిరగబడింది. పులులు, అంటే ఎల్‌టీటీఈ, ఆయుధాలు పూర్తిగా ఇవ్వలేదు. అక్టోబరు రెండో వారంలో యుద్ధం మొదలైంది, ఆపరేషన్ పవన్ అని పేరు. 11వ తేదీ రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్లతో మనవాళ్ళను దించారు. ఎల్‌టీటీఈ నాయకులు అక్కడ ఉన్నారని, ఒక్క దెబ్బతో పట్టుకోవచ్చని ఆలోచన. పారా కమాండోలు, 13వ సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు దిగారు. అవతలివాళ్ళు కాచుకుని ఉన్నారు. హెలికాప్టర్లకు తూటాలు తగిలాయి, మిగతా సిఖ్ జవాన్లను తీసుకుని మళ్ళీ రాలేకపోయాయి. దిగిన సిఖ్ జవాన్లు ముప్పై మంది. తెల్లారిన తర్వాత మిగిలింది ఒక్కడు, అతను బందీ అయ్యాడు. ఇరవై తొమ్మిది మంది పోయారు. మన వైర్‌లెస్ మాటలు అవతలివాళ్ళు వినేశారని తర్వాత వచ్చిన పుస్తకాలు చెబుతున్నాయి. సిగ్నల్స్‌లో పనిచేసినవాడికి ఆ వాక్యం చదవడం ఎట్లా ఉంటుందో రాయలేను.

ఆ రాత్రి నేను పలాలీలో వేరే నెట్ మీద ఉన్నాను. నెట్ అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడుకునే సెట్ల గుంపు. ప్రతి సెట్టుకూ ఒక కాల్ సైన్, అంటే ఆ రోజుకు దాని పేరు. నాకు నాలుగు అడుగుల దూరంలో ఇంకో ఆపరేటర్, కేరళ అతను, ఒకే కాల్ సైన్‌ను పిలుస్తూనే ఉన్నాడు. పిలవడం, స్విచ్ వదిలి వినడం, మళ్ళీ పిలవడం. సెట్లో గరగర తప్ప జవాబు లేదు. గొంతు బొంగురుపోయింది. ఇంకొకణ్ణి కూర్చోమంటే లేవలేదు. ఎదుటి సెట్టు పాడైందా, మోసే మనిషే లేడా, రేడియోలో తెలియదు. రెండింటికీ ఒకటే చప్పుడు. ఇప్పటికీ మా ఇంట్లో టీవీ సిగ్నల్ పోయి గరగరమంటే నేను లేచి కట్టేస్తాను. మా ఆవిడ కరెంటు ఆదా అనుకునేది.

నవంబరులో జాఫ్నాకు ఉత్తరాన ఒక పల్లెలో ఇళ్ళు వెతుకుతున్నాం. తాటాకు దడి, మధ్యలో బావి, ఏతాం, చూరు కింద ఎండిన పొగాకు. వాకిట్లో ఒక ముసలావిడ. నా తమిళం విని, ‘‘నువ్వు మావాడివా నాయనా?’’ అంది. ‘‘కాదమ్మా, తెలుగు’’ అన్నాను. అప్పుడు ఆవిడ, ‘‘ఆగస్టులో మీ బండి మీద పూలేసింది నేనే. ఇప్పుడు నా ఇంట్లో ఏం వెతుకుతున్నారు?’’ అని అడిగింది. గొంతు పెంచలేదు. పక్కనున్న ఆఫీసరు ‘‘క్యా బోల్ రహీ హై?’’ అన్నారు. నేను, ‘‘ఇంట్లో ఎవరూ లేరంటోంది సాబ్’’ అని చెప్పాను.

ఆవిడ అన్న మాట నేను తర్జుమా చేయలేదు. వెళ్ళేటప్పుడు చేదతో నీళ్ళు తోడి, చెంబు బావి గట్టు మీద పెట్టింది. ఇళ్ళల్లో నీళ్ళు తాగొద్దని మాకు ఆర్డరు, విషం కలుపుతారేమోనని. తాగకుండా వచ్చాను.

నా ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో నన్ను బాగా వెంటాడింది తుపాకీ కాల్పులు కావు, ఆ చెంబు. ఆ యుద్ధంలో మనవాళ్ళు 1,100 మందికి పైగా చనిపోయారు. మన తుపాకులకు అక్కడి సామాన్య జనమూ పోయారు. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచితే అది జ్ఞాపకం కాదని నా అభిప్రాయం. ఈ మాట అన్నందుకు చెట్టు కింద ఒకసారి గట్టి వాదన కూడా జరిగింది. ఒకాయన లేచి వెళ్ళిపోయారు. మరుసటి నెల వచ్చి నా పక్కనే కూర్చున్నారు. ‘‘బాబాయ్, నాక్కూడా ఒకటుంది’’ అన్నారు. ఆయనదేమిటో ఇక్కడ రాయను, అది ఆయన చెప్పుకోవాల్సింది.

1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి చివరి దళం ఓడెక్కింది. వెళ్ళేటప్పుడు పూలు వేసినవాళ్ళు వచ్చేటప్పుడు లేరు. ఇంటి దగ్గరా అంతే. 1971 అంటే జనానికి తెలుసు, కార్గిల్ అంటే తెలుసు. శ్రీలంక అంటే, ‘‘అక్కడ మనకేం పని?’’ అనేవాళ్ళు. జవాబు చెప్పాల్సింది సిపాయి కాదు, కానీ ప్రశ్న ఎదురయ్యేది సిపాయికే. కొలంబో దగ్గర బత్తరముల్లలో, శ్రీలంక పార్లమెంటుకు సమీపాన, మనవాళ్ళ పేర్లతో ఒక స్మారకం ఉంది. దాన్ని కట్టింది శ్రీలంక. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. ఆ రోజుకు దాని గోడల మీద చెక్కిన పేర్లు 25,942. అందులో శ్రీలంకలో పోయినవాళ్ళవీ ఉన్నాయి. చనిపోయినవాళ్ళకు ఆలస్యంగానైనా రాతి మీద చోటు దొరికింది. బతికి వచ్చినవాడి మాటకు ఆ చోటు ఎక్కడ?

మన దగ్గర ఇది కొత్త నష్టం కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి మనుషులు వెళ్ళారు. స్మారక స్తంభం ఉంది. తెలుగు పల్లెల నుంచి అట్లా వెళ్ళినవాళ్ళు ఏ ఓడలో ఏం తిన్నారో, ఎవరిని తలుచుకున్నారో వాళ్ళ మాటల్లో మనకు మిగిలింది దాదాపు ఏమీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పోరాడిన భారత సిపాయిల మనసు కొంతైనా తెలుస్తోందంటే, వాళ్ళ ఉత్తరాలు విప్పి చదివిన బ్రిటిష్ సెన్సారు అధికారుల వల్లే. అనుమానంతో కొన్ని ముక్కలు ఇంగ్లీషులోకి రాసుకున్నారు. ఆ కాగితాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మనల్ని శంకించినవాడు దాచాడు, మన ఇంట్లో ట్రంకు పెట్టె చెదలు తిన్నది.

అమెరికాలో 2000 సంవత్సరంలో వాళ్ళ పార్లమెంటు చట్టం చేసి, మాజీ సైనికుల మాటలు రికార్డు చేసే పని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అప్పగించింది. అడిగేది చరిత్రకారులే కానక్కర్లేదు. మనవడు అడిగినా, పొరుగువాడు అడిగినా తీసుకుంటారు. అరగంటకు తగ్గకూడదు, అంతే. ఇట్లాంటిది మనకు తెలుగులో కావాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి, గ్రంథాలయాలు ఉన్నాయి, ఇంటింటా ఫోను ఉంది. అయితే ప్రభుత్వం మొదలుపెట్టేదాకా ఆగమని నేను చెప్పను.

జనవరి 14ను మాజీ సైనికుల దినంగా జరుపుతారు. 1953లో ఆ రోజున ఫీల్డ్ మార్షల్ కరియప్ప పదవీ విరమణ చేశారు. మనకది సంక్రాంతి వేళ. ఎక్కడెక్కడి బిడ్డలూ ఇంట్లో ఉండే రోజులు. మీ ఇంట్లోనో వీధిలోనో మిలిట్రీ నుంచి వచ్చిన పెద్దాయన ఉంటే ఆ పండక్కి ఆయన పక్కన కూర్చోండి. ఎంతమందిని చంపావని అడగొద్దు. ఆ ట్రంకు పెట్టెలో మొదటిసారి ఏం పెట్టుకుని వెళ్ళావని అడగండి. పక్క మంచం మీద ఎవరు పడుకునేవారు, ఏ ఊరు, ఇప్పుడు ఉన్నాడా అని అడగండి. 56 ఏపీఓ అనే సైనిక చిరునామాతో వచ్చిన మొదటి ఉత్తరం ఇంట్లో ఎవరు చదివి వినిపించారని ఆయన భార్యను అడగండి. ఆవిడ దగ్గర ఉండేది ఆయన దగ్గర ఉండదు. ఆర్మీ నంబరు అడగండి. మా వాడొకతను పక్షవాతం వచ్చి మనవళ్ళ పేర్లు కూడా మరిచాడు, నంబరు మాత్రం తడుముకోకుండా చెప్పాడు, ఆ తర్వాత రెండు గంటలు మాట్లాడాడు. మధ్యలో మౌనం వస్తే మీరు నింపొద్దు. రెండో టీ పెట్టించండి. కొన్ని విషయాలు ఆయన చెప్పరు, కొన్ని చెప్పకూడదు. వాటి జోలికి పోవద్దు. ఫోను ఆన్ చేసి ఉంచండి, తేదీ, ఊరు, యూనిట్ పేరు ఒక కాగితం మీద రాసి పెట్టండి.

వేరుశెనగ సంగతి సుబేదార్ గారి భార్యకు చెప్పింది ఆయన కాదు. నా ఫోన్లో రికార్డు చేసిన ఆయన గొంతు, ఆయన ఒప్పుకున్నాకే, వాళ్ళింట్లో కూర్చుని వినిపించాను. ఆవిడ మధ్యలో ఒక్కమాట మాట్లాడలేదు. అయిపోయాక, ‘‘ముందే చెప్పుంటే ఆ చేలో కందులు వేసుకునేవాళ్ళం గదా’’ అంది. ఈ ఏడు కందే వేశారు.

1971 యుద్ధానికి వెళ్ళినవాళ్ళలో అందరికంటే చిన్నవాడికి కూడా ఇప్పుడు డెబ్బై దాటింది.